ఉప్పు లేని డబ్బా

కొవ్వు లేని కోడి మాంసాన్ని మధ్యాహ్నమే వండిపెట్టి, సూర్యాస్తమయ వేళకు అది ఎండిపోకుండా నిలపడం ఎలాగో చెప్పమని, వంటశాలల్లో కొత్తగా కొలువులో చేరిన యువకులు కొందరు నన్ను అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న నన్ను అడగడంలో ఉన్న విడ్డూరం వారికి తెలియదు. మాంసం గడప దాటని ఇంట పుట్టినవాణ్ణి. ప్రాచ్య కళాశాలలో భాషాప్రవీణ చదివాను. తెలుగు పండితుని ఉద్యోగం దొరకక కువైట్ చేరాను. రోగులకూ, పథ్యం పాటించేవారికీ ఇంటింటికి భోజనం డబ్బాలు పంపే ఒక వంటశాలలో మొదట సామాన్ల గదికి, తరువాత వంటశాల యావత్తుకూ పర్యవేక్షకుడినై ఉద్యోగ విరమణ చేశాను. ఒక్క ముక్క మింగకుండా కొన్ని వేల కోళ్ళ మంచిచెడ్డలు నిర్ణయించినవాణ్ణి. సంగీత సభకు చెవిటివానిని అధ్యక్షునిగా కూర్చోబెట్టినట్టు ఉండేది నా పదవి.

అబ్బాయిలూ, మీరడిగిన దానికి జవాబు చెబుతాను. దానితోపాటు ఒక రంజాను మాసపు సంగతి కూడా వినవలసి ఉంటుంది. వంటశాల వదిలి వచ్చినా, ఆ మధ్యాహ్నం తలపునకు వస్తే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మా వంటశాల కువైట్ నగరపు పేటల్లో ఒకటైన షర్క్‌లో, చేపల బజారుకు వెనుక వీధిలో ఉండేది. మాంసపు వంటలకు పెద్ద, రాయచోటి నుంచి వచ్చిన ముసల్మాను. నాకంటె వయసులో చిన్న, నోటిలో పెద్ద. నన్ను 'సామీ' అనేవాడు, నేనతణ్ణి 'భాయ్' అనేవాణ్ణి. పేర్లతో మాకు పనిపడలేదు, ఇక్కడా పడదు.

"సామీ, నువ్వు తినవు. తిన్నోళ్ళు చెప్తే నమ్మవు. ఇంగ ముక్క మెత్తగుండాదో గట్టిగుండాదో నీకెట్ల తెలుస్తాది?" అని కొత్తలో అడిగాడు.

"చూపుతో తెలుస్తుంది భాయ్. వేలితో నొక్కితే తెలుస్తుంది. కోసినప్పుడు ఊరే రసాన్ని బట్టి తెలుస్తుంది."

"చూపుతోనే కడుపు నిండేపనైతే మనిద్దరం ఈ ఎడారికి ఎందుకొస్తిమి సామీ?"

మాటకు అలా అనేవాడు. అయినా నా చూపును అతడు గౌరవించేవాడు. నేను 'ఎండింది' అన్న ముక్కను డబ్బాలో పెట్టేవాడు కాదు.

మా డబ్బాలలో నీలిరంగు మూత ఉన్నవి ఉప్పు బొత్తిగా కూడని రోగులవి. వాటిలో ఒకటి దూరపు పేట మిష్రిఫ్‌లోని ఒక పెద్ద ఇంటికి వెళ్ళేది. ఆ ఇంటి వృద్ధునికి గుండెకు శస్త్రచికిత్స జరిగింది. కొవ్వు కూడదు, ఉప్పు కూడదు. చర్మం తీసిన కోడి ఛాతీ ముక్క ఒక్కటే అనుమతి. వైద్యుడు ఉపవాసం వద్దన్నాడు. ఆయన ఆ మాట విన్నాడు, కాని ఇంటిల్లిపాదీ దప్పికతో ఉండగా తాను కూర్చుని తినడం ఆయనకు సమ్మతం కాలేదు. మందు మాత్రలకు ఇన్ని పాలు తాగి, భోజనానికి మాత్రం అందరితోపాటు సూర్యాస్తమయం దాకా కాచుకునేవాడు. మధ్యాహ్నం ఉడికిన ముక్క ఆయన పళ్ళెం చేరేసరికి ఎండు కొబ్బరి పిప్పిలా తయారయ్యేది.

ఆయనను చూసుకునే పనిమనిషి గోదావరి ప్రాంతపు స్త్రీ. వంటశాలలో తెలుగు మాట్లాడే పెద్దవాడొకడు ఉన్నాడని తెలుసుకుని, రంజాను మొదలైన కొద్ది రోజులకే నాకు ఫోను చేసింది.

"బాబాయిగారండీ, మా బాబా డబ్బా మూత తీస్తన్నారండి, ముక్కని వేలితో నొక్కుతున్నారండి, మళ్ళీ మూసేస్తన్నారండి. పీచు నమిలినట్టుందంటన్నారు. ఆపరేషనైన మనిషి కదండీ, ఇలాగైతే లేవరండి. ఇంట్లో మామా, అదేనండి అమ్మగారు, నా మీద విసుక్కుంటన్నారు, నేనేం చేస్తానండీ, వండేది మీరు కదా."

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. భాయ్‌కి చెప్పాను. అతడు విని, "ఆ ముసలాయన తిన్న్యాకనే నేను రోజా, ఈ ఉపాసం, సరిగ్గా ఉన్నట్టు సామీ" అన్నాడు.

ఇక మీరడిగిన జవాబు ఇక్కడ వస్తుంది. మేమిద్దరమూ కొన్ని రోజులు శ్రమపడి కనుగొన్న పద్ధతి ఇది. ముక్కను కోయకూడదు, నిండుగానే ఉంచి, మందమైన చోట మెత్తగా తట్టి అంతటా సమం చేయాలి. ఉప్పు లేని పెరుగులో జీలకర్ర, మిరియం కలిపి కోల్డ్ రూములో నాననివ్వాలి. మరిగే నీటిలో వేయక, సన్నని ఆవిరి మీద ఉడకనివ్వాలి. మధ్యకు గుచ్చిన థర్మామీటరు ఉడికిందని చెప్పిన క్షణంలోనే దించాలి. ఇంకాస్త ఉంటే మంచిదేమోనన్న భయమే మాంసాన్ని ఎండబెడుతుంది. దించిన ముక్కను దాని రసంలోనే ముంచి, మూతపెట్టి, త్వరగా చల్లార్చి కోల్డ్ రూముకు పంపాలి. డబ్బాలో పెట్టబోయే ముందు మాత్రమే పీచుకు అడ్డంగా కోసి, అడుగున కొంచెం రసం పోయాలి. తినేచోట మూత తీయకుండానే పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. ఇంతే. ఇందులో రహస్యమంటూ లేదు, ఓపిక ఉంది.

సరిగ్గా ఆ వారంలోనే మాకు కోడి మాంసం పంపే పాత వర్తకుని వద్ద సరుకు నిండుకుంది. రంజాను గిరాకీ అటువంటిది. యజమాని మరొక వర్తకుని కుదిర్చాడు. కొత్త సరుకు గడ్డకట్టిన ముక్కలుగా, ఏ చీటీ లేని తెల్లని సంచులలో వచ్చింది. బొద్దుగా, నునుపుగా, ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. వాటిని కరగనిచ్చిన ట్రేలలో నీరు అంచులదాకా నిలిచింది.

"ఈ కోళ్ళు బాగా నీళ్ళు తాగినట్టుండాయి సామీ" అన్నాడు భాయ్, ట్రే ఒంపుతూ.

"ఎడారి కోళ్ళు కదా భాయ్, దప్పిక ఎక్కువేమో" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తరువాత చాలాకాలం నా చెవుల్లో మోగింది.

కొత్త సరుకు, కొత్త పద్ధతి. ముక్క సాయంత్రానికి కూడా పువ్వులా ఉంది. వేలితో నొక్కితే లోనికి దిగి మళ్ళీ లేచింది. మిష్రిఫ్ నుంచి నీలి మూత డబ్బా నాకినట్టు ఖాళీగా తిరిగి వచ్చింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. పనిమనిషి ఫోనులో నవ్వుతూ, "బాబా వేళ్ళు కూడా నాకేస్తన్నారండి, ఇంకో ముక్క లేదా అని అడిగారండి, మీ వంటాయన చేతిలో ఏదో ఉందండి" అన్నది. యజమాని స్వయంగా వచ్చి భాయ్ భుజం తట్టాడు. అతడు ఆ సాయంత్రం ఖర్జూరం నోట పెట్టుకునే ముందు, ఆకాశం వంక చూసి ఏదో అనుకోవడం నేను చూశాను.

ఆ ముక్కను మాలో ఎవరూ రుచి చూడలేదు. భాయ్ ఉపవాసం. అతని చేతి కింద ఉన్నవారందరూ అతని ఊరివారే, అందరూ ఉపవాసం. సాయంత్రం ఉపవాసం విడిచిన తరువాత వారు తినేది గంజీ, సమోసాలూ. రోగుల పథ్యం ఎవరికి కావాలి? ఇక నేను సరేసరి. ఒక వంటశాల నిండా మనుషులున్నారు, ఒక్క నాలుక లేదు. ఆ సంగతి మాకెవరికీ తోచకపోవడమే నేటికీ నమ్మశక్యం కానిది.

నిర్ణయాత్మకమైన ఆ మధ్యాహ్నం డబ్బాలన్నీ వ్యానులోకి ఎక్కించారు. డ్రైవరు తలుపు మూయబోతున్నాడు. నా ఫోను మోగింది. గోదావరి స్త్రీ గొంతు గుర్తుపట్టలేనంతగా మారి ఉంది.

"బాబాయిగారండీ, బాబాని ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారండి. కాళ్ళు రెండూ వాసిపోయాయి, ఊపిరి అందట్లేదండి. డాక్టరుగారు, ఉప్పు తిన్నారు, బాగా తిన్నారు, ఎక్కడ తిన్నారు అని అడుగుతున్నారండి. మా ఇంట్లో ఉప్పు పెట్టలేదండి, ఒట్టండి. ఆ డబ్బా తప్ప ఏం తినలేదండి."

చదువుకున్న రోజుల్లో పిడుగుపాటు వర్ణనలు ఎన్నో వల్లెవేశాను. నిజమైన పిడుగుకు శబ్దమే ఉండదని అప్పుడు తెలిసింది. వంటశాలలో గిన్నెలు కదులుతున్నాయి, ఎవరో పంపు తిప్పారు, నాకేమీ వినబడలేదు. వ్యాను వైపు చెయ్యెత్తి ఆపమని సైగ చేశాను. అందులో ఇంకా ఎన్నో నీలి మూతలున్నాయి.

అంతలో యజమాని రానే వచ్చాడు. ఆ వృద్ధుని కుమార్తె ఆయనకు కూడా ఫోను చేసింది. ఆయన అరబ్బీలో అన్న మాటలను తెలుగులో పెడుతున్నాను. సాధారణంగా గొంతెత్తని మనిషి, ఆ రోజూ ఎత్తలేదు. అందుకే మరింత భయం వేసింది.

"ముసలాయన ముక్క ముట్టలేదు. నీకు అవమానమైంది. ఉప్పు వేశావు. ఆయన తిన్నాడు. నీకు మంచిపేరు వచ్చింది. నిజమేనా?" అని భాయ్‌ని అడిగాడు.

భాయ్ చేతిలోని గరిటె దించాడు. "లా బాబా, లేదయ్యా. రోజాలో ఉండి చెప్తాండా. నేను వేయలే."

"మరి ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది? వానలో కురిసిందా? ఖలాస్. నీ ఇఖామా, ఈ దేశంలో ఉండే అనుమతి, రద్దు. ఆ మనిషి బతికితే నీవు ఇంటికి వెళతావు. బతకకపోతే ఎక్కడికి వెళతావో నేను చెప్పలేను." తరువాత నా వంక తిరిగి, కొంచెం మెత్తబడి, "ఉస్తాద్, ఆ డబ్బాలు పంపండి. సాయంత్రమవుతోంది. రోగులు ఎదురుచూస్తున్నారు" అన్నాడు. నేను ఒకప్పుడు పంతులు కావలసినవాడినని విని, ఆయన నన్ను అలాగే పిలిచేవాడు.

భాయ్ నన్ను చూడలేదు. నేల చూశాడు. అతని మీద అనుమానం నాకు ఒక్క క్షణం కలిగిందా? కలిగింది. అతడు అంత ఆశతో ఆ వృద్ధుని మెప్పు కోరుకున్నాడు. ఆ క్షణంలోనే అంచుల దాకా నీరు నిలిచిన ట్రే నా కళ్ళ ముందు మెదిలింది. నీళ్ళు తాగిన కోళ్ళు.

"ఈ డబ్బాలు పంపకూడదు. ఉప్పు మనిషి చేతిలో లేదేమో, మాంసంలోనే ఉందేమో" అన్నాను.

యజమాని నవ్వలేదు. "కోడి ఉప్పు తిని పెరుగుతుందా?"

"పెరగదు. కోసిన తరువాత ఎవరైనా ఉప్పునీరు ఎక్కించి ఉండవచ్చు. బరువు పెరుగుతుంది, మెత్తగా కనబడుతుంది."

పాత వర్తకుని సరుకు ఫ్రీజరు అడుగున కొంచెం మిగిలి ఉంది. రెండు కొత్త గిన్నెలు తెప్పించాం. అందరి కళ్ళ ముందు ఒకదానిలో పాత ముక్క, ఇంకొకదానిలో కొత్త ముక్క, ఉత్త నీళ్ళు పోసి ఉడికించాం. భాయ్‌ని దగ్గరకు రానివ్వలేదు. ఉడికాక యజమాని నన్ను బయటకు పంపి, తానే ముక్కలను ఒకే తీరు పళ్ళాలలోకి మార్చి, మళ్ళీ లోనికి పిలిచాడు. ఏది ఏదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు రుచి చూడాలి. అందరమూ ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

భాయ్ ముందుకు వచ్చాడు. "నాలిక్కొసన పెట్టి ఉమ్మేస్తే రోజా పోదంటారు మా పెద్దోళ్ళు. నేను చూస్తా." అంతలోనే ఆగిపోయాడు. "నేను చూస్తే ఏమి లాభంలే సామీ. తప్పు మోస్తాండే నోటిని ఎవరు నమ్ముతారు? వీళ్ళంతా మా ఊరోళ్ళు, వీళ్ళనూ నమ్మరు."

యజమాని తల అడ్డంగా ఊపాడు. తాను ఉపవాసంలో నోట ఏదీ పెట్టనన్నాడు. సూర్యాస్తమయం దాకా ఆగుదామంటే డబ్బాలు చేరవలసిన వేళ దాటిపోతుంది. ఆపితే రోగులకు భోజనం లేదు, పంపితే ఏమవుతుందో తెలియదు.

ఆ గదిలో ఉపవాసం లేని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ సంగతి అందరికంటె చివరగా గ్రహించినవాణ్ణి నేనే. అందరి చూపులూ నా మీదకు తిరిగిన తరువాత గాని నాకు తెలియలేదు.

"వద్దు సామీ," అన్నాడు భాయ్. పళ్ళాలకు అడ్డంగా నిలబడ్డాడు. "నా కోసరం వద్దు. నేను పోతాలే ఇంటికి. నీ ఆచారం చెడగొట్టుకొని నేను ఈడ ఉండేది నాకొద్దు."

"నీకోసం కాదు భాయ్, వ్యానులో ఉన్నవారి కోసం" అన్నాను. అది సగమే నిజం.

యజమాని సందేహించాడు. "ఉస్తాద్, మీరు జన్మలో మాంసం తినలేదు. మాంసం రుచి తెలియనివారు ఏం చెప్పగలరు?"

"మాంసం తెలియదు. ఉప్పు తెలుసు" అన్నాను.

ఉపవాసమున్నవారి ఎదుట నమలడం మర్యాద కాదు గనుక రెండు పళ్ళాలూ తీసుకుని కోల్డ్ రూము తలుపు చాటుకు వెళ్ళాను. మొదటి ముక్క నాలుక మీద పెట్టాను. చప్పగా, అన్నపు గంజిని తలపించే ఏదో వాసనతో, అపరిచితంగా ఉంది. ఉమ్మేశాను. నీళ్ళు పుక్కిలించి రెండవది పెట్టాను.

సముద్రపు నీరు నోట పడినట్టయింది. ఉత్త నీటిలో, నా కళ్ళ ముందు ఉడికిన ముక్క. అంత ఉప్పును నేను ఊహించలేదు. నిర్ఘాంతపోయి అక్కడే నిలిచిపోయాను. ఆ వృద్ధుడు రోజూ వేళ్ళు నాకుతూ తిన్నది ఇదే. పంపినది మేమే, ఆయన తిన్నాడని ఆకాశం వంక చూసి సంతోషించినదీ మేమే.

బయటకు వచ్చి ఎడమచేతి పళ్ళెం ముందుకు చాపాను. "ఇందులో ఉంది. విస్తారంగా ఉంది. రెండవదానిలో లేదు."

యజమాని ఆ పళ్ళెం వంక చాలాసేపు చూశాడు. అది కొత్త సరుకేనని ఆయన నోటితో చెప్పలేదు, చెప్పనవసరమూ లేకపోయింది. ఆయన ఫోను తీసి మొదట ఆసుపత్రికి, తరువాత నీలి మూతల ఇళ్ళన్నిటికీ తానే చేశాడు. భాయ్ అప్పటికే వ్యాను వద్దకు పరుగెత్తి ఆ డబ్బాలు దింపిస్తున్నాడు. ఆ పూట వాటిలో ఉప్పు లేని ఉడికించిన శనగలూ, గుమ్మడికాయ ముక్కలూ వెళ్ళాయి. ఇంతా అయ్యాక యజమాని భాయ్‌తో క్షమించమని అనలేదు. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు తన ఇంటికి పోక, వంటశాల నేల మీద అతని పక్కన కూర్చుని, తన ఖర్జూరాల పొట్లం విప్పి మొదట అతనికి ఇచ్చాడు. లేస్తూ నాతో అన్నమాట మాత్రం నన్ను రెండవసారి నిర్ఘాంతపరచింది.

"ఉస్తాద్, ఈదు పండుగ దాకా రోజూ మీరే రుచి చూడాలి. మీరు చెప్పినదాన్ని నేను నమ్ముతాను."

ఇంటికి వెళ్ళి, నాతోపాటే కువైట్‌లో ఉంటున్న నా భార్యకు జరిగింది జరిగినట్టు చెప్పాను. గరిటె పట్టుకుని నిలబడి విన్నది.

"ఇంతకూ ఉప్పు తేలిందా?" అని అడిగింది.

"తేలింది."

"మరైతే స్నానం చేసి రండి, వడ్డిస్తాను."

ఆ మాసమంతా, డబ్బాలు మూసేముందు, కోల్డ్ రూము తలుపు చాటున నిలబడి నాలుక మీద ఒక నలుసు పెట్టుకుని, ఉమ్మి, పుక్కిలించి, తల ఊపేవాణ్ణి. భాయ్ ఆ సమయంలో నా వంక చూసేవాడు కాదు. ఆవిరి పొయ్యి వైపు తిరిగి నిలబడేవాడు. కొత్త సరుకు వర్తకునికే తిరిగి వెళ్ళింది. ఉప్పునీరు ఎరుగని మాంసం వెతికి తెచ్చుకున్నాం.

మిష్రిఫ్ వృద్ధుడు బతికాడు. ఒంటిలోని నీరు తీసి, కొన్ని రోజుల తరువాత ఇంటికి పంపారు. ఆయన పేర మళ్ళీ నీలి మూత డబ్బా వెళ్ళిన రోజు మా వంటశాలలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అదే ఆవిరి, అదే పెరుగు, అదే రసం, ఉప్పు మాత్రం లేదు. చీకటి పడుతుండగా ఫోను వచ్చింది.

"బాబాయిగారండీ, బాబా మొన్నటి కోడి ఏదీ అని అడిగారండి. అది రాదని మామా చెప్పారండి. ముఖం చిట్లించారు."

"తిన్నారా?"

"ఉండండి మరి, చెప్తున్నా కదా. నొక్కి చూశారండి. తిన్నారండి. చప్పగా ఉంది కానీ మెత్తగా ఉందన్నారు. మొత్తం తిన్నారు."

భాయ్ నా ఎదుటే ఉన్నాడు. చెప్పాను. అతడు ముఖం తుడుచుకునే నెపంతో భుజం మీది తువ్వాలు చాలాసేపు కళ్ళ మీద ఉంచుకున్నాడు. అతని చేతి పని అబద్ధం కాదని తేలడానికి అంతకాలం పట్టింది.

ఈదు నాడు రోగులకు సెలవు ఉండదు గనుక మా ఇద్దరికీ లేదు. భాయ్ కొత్త బట్టలతో వచ్చాడు. ఆ రోజు ఆవిరి నుంచి దించి చల్లార్చిన మొదటి ముక్కను తానే కోసి, అందరి ఎదుటా నోట వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు.

"చప్పగుండాది సామీ. బాగుండాది. ఇంగ నీ నోరు నీకిచ్చేస్తాండా."

మధ్యాహ్నం ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. అంగడి నుంచి అప్పుడే కొన్న గిన్నె, ఇంకా ధర కాగితం ఊడలేదు. లోపల పెరుగన్నం. అల్లం, పచ్చిమిర్చి, తిరగమోత అన్నీ ఉన్నాయి. తానే చేశానని, మాంసం గిన్నెల దరిదాపులకు పోనివ్వలేదని చెప్పి, నేను తినేదాకా ఎదుట నిలబడ్డాడు.

ఉప్పు వేయడం మరిచిపోయాడు. నేను చెప్పలేదు. గిన్నె అడుగుదాకా తిన్నాను.